పట్టాల ఫొటోల్లో పగుళ్ల వేట

ఈమధ్య నా పనంతా రైలు పట్టాల ఫొటోలతోనే. బండి కింద బిగించిన కెమెరా తీసిన బొమ్మలు చూపించి, ఎక్కడ పగులుందో, ఎక్కడ పట్టాని స్లీపరుకి బిగించి ఉంచే క్లిప్పు ఊడిందో కంప్యూటర్‌కి నేర్పించాలి. ఇలా ఉదాహరణలు చూపించి నేర్పించే డీప్ లెర్నింగ్ అనగానే ఏదో మాయాజాలం అనుకుంటారు గానీ, సగం రోజు ఫొటోల్లో లోపాల చుట్టూ గళ్లు గీయడానికే సరిపోతుంది.

అసలు తంటా ఏమిటంటే, బాగున్న పట్టాల ఫొటోలు కావలసినన్ని ఉంటాయి, పగిలినవి వెతికినా దొరకవు. ప్రయాణికుడిగా సంతోషమే, ఆ ఫొటోలతో నేర్చుకునే ప్రోగ్రాముకి, అంటే నా మోడల్‌కి మాత్రం పస్తులు! 100 ఫొటోల్లో 99 బాగున్నవే అయితే, కళ్లు మూసుకుని అన్నిటికీ "బాగుంది" అన్నా 99 శాతం మార్కులు వచ్చేస్తాయి. ఆ అంకె చూసి ఎవరైనా చప్పట్లు కొడితే నాకు ఒళ్లు మండుతుంది. ఉన్న పగుళ్లలో ఎన్ని పట్టుకుందో చెప్పండి ముందు.

తుప్పు మరక, గ్రీజు చార, ఎండుపుల్ల నీడ, అన్నీ మోడల్‌కి పగుళ్లలాగే కనిపిస్తాయి. క్లిప్పులు కాస్త నయం. కంకర కప్పేయకపోతే, ఊడిన చోటు ఇట్టే పట్టేస్తుంది. ఇక పట్టా లోపల పుట్టే పగులు ఏ కెమెరాకీ కనపడదు, దానికి శబ్ద తరంగాలు లోపలికి పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్షే దిక్కు.

మొన్న పట్టాల వెంట నడుస్తూ తనిఖీ చేసే ఒక కీమ్యాన్‌కి మోడల్ గీసిన ఎర్రగడి చూపించాను. "పగులు కాదు సార్, చక్రం జారి కాలిన మచ్చ. కానీ వదలొద్దు, పగులు ఇలాంటి చోటే మొదలవుతుంది" అన్నారు. ఇప్పుడు ఆ మచ్చలకి విడిగా లేబుల్ పెడుతున్నాను.