కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడొచ్చింది

కొని నాలుగేళ్లయినా, ప్రాసెసర్ మీద కూర్చుని దాన్ని చల్లబరిచే కూలర్‌ని ఒక్కసారి కూడా విప్పని కంప్యూటర్ నాది. ఈమధ్య వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే చాలు, నా ప్రాసెసర్ రైజెన్ 5 3600 నేరుగా 95 డిగ్రీలకు ఎక్కి అక్కడే కూర్చునేది. ఆ చిప్‌కి పైహద్దు అదే, అది దాటకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది, దాంతో 20 నిమిషాల పని అరగంట దాటినా తెమిలేది కాదు. దుమ్మంతా ఊదేస్తే 3 డిగ్రీలు తగ్గింది, అంతే. ఇక మిగిలింది థర్మల్ పేస్ట్, అంటే ప్రాసెసర్ వేడి కూలర్‌కి చేరేలా రెండింటి మధ్య పూసే ముద్ద.

నాలుగైదు వీడియోలు చూసేసి, ఇందులో ఏముందిలే అనుకుని, చల్లగా ఉన్న సిస్టమ్‌లో స్క్రూలు విప్పి కూలర్‌ని తిన్నగా పైకి లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. టక్‌మని వచ్చింది, తిప్పి చూస్తే అడుగున ప్రాసెసర్ అతుక్కునే ఉంది! ప్రాసెసర్‌ని బోర్డులో పట్టి ఉంచే సాకెట్ లివర్ వేసింది వేసినట్టే ఉంది. నాది ఏఎం4 అనే సాకెట్ రకం, దాని ప్రాసెసర్‌కి అడుగున 1331 పిన్నులు, అందులో మూలన రెండు వంగిపోయాయి. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనలోకి ఒక్కో పిన్ను దూర్చి మెల్లగా నిలబెట్టేసరికి నా చొక్కా తడిసిపోయింది.

అసలు చేయాల్సిందేమిటంటే, ముందు ఏదైనా బరువైన పని పెట్టి ఓ పది నిమిషాలు వేడెక్కనివ్వాలి, పేస్ట్ మెత్తబడుతుంది, అప్పుడు ఆపేసి, ప్లగ్ తీసేసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పుతూ వదులు చేసి ఎత్తాలి. దాని తర్వాత వచ్చిన ఏఎం5కీ, ఇప్పటి ఇంటెల్ చిప్‌లకీ పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, పైన లోహపు ఫ్రేమ్ పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ గొడవ దాదాపు ఉండదు.

పాత పేస్ట్ ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. మైక్రోఫైబర్ గుడ్డ మీద 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడిస్తే మొదటి రెండుసార్లూ బూడిదరంగు మరక, నాలుగోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. టిష్యూ వాడొద్దు, పీచులు వదులుతుంది.

కొత్తది ఎంత వేయాలన్న దగ్గరే అందరికీ టెన్షన్. వేడిని మోయడంలో రాగి విలువ (వాట్/మీటర్-కెల్విన్ లెక్కన) 400 దాకా ఉంటుంది, చాలా పేస్టులది పదికి అటూ ఇటూ, గాలిదైతే 0.026. అంటే రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలి లేకుండా చేయడమే పేస్ట్ పని, మందంగా పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది. నేను మధ్యలో బఠాణీ గింజంత పెట్టి, కూలర్ దించి, స్క్రూలు ఎదురెదురు మూలలకి కొంచెం కొంచెంగా బిగించాను. పేస్ట్‌కి బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి మాత్రం పోలేదు, దాంట్లో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా బోర్డు మీద చుక్క పడితే షార్టే.

ఆన్ చేస్తే స్క్రీన్ మీద సీపీయూ ఫ్యాన్ ఎర్రర్. మళ్లీ గుండె గుభేల్‌మంది. తీరా చూస్తే ఫ్యాన్ వైర్ గుచ్చడం మర్చిపోయాను. గుచ్చాక అదే ఎక్స్‌పోర్ట్ మళ్లీ పెట్టాను, 78 దాటలేదు.