ఆవిడ మెట్లెక్కగలరా?

సింగపూర్‌లో ఉన్న అక్క మూడేళ్ళుగా రమ్మంటూనే ఉంది. అమ్మమ్మకూ వెళ్ళాలనే ఉంది, మోకాళ్ళే ఒప్పుకోలేదు. గుంటూరు బ్రాడీపేటలో మా గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. అవి దిగలేక వీధిలోకి రావడమే మానేసింది. అలాంటి మనిషిని విమానం ఎక్కిస్తానంటే మామయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

టికెట్‌తో పాటే వీల్‌చెయిర్ అడిగాం. విడిగా డబ్బులేం తీసుకోలేదు. అందులో మూడు రకాలుంటాయని మాత్రం నాకు తెలియదు. టికెట్‌లో వీల్‌చెయిర్‌కి వేసే కోడ్ చివర ఆర్ ఉంటే మెట్లెక్కగలరని, ఎస్ ఉంటే మెట్లెక్కలేరు కానీ లోపల నాలుగడుగులు వేయగలరని, సి ఉంటే సీటు దాకా తీసుకెళ్ళాల్సిందేనని అర్థం. మా ఏజెంట్ ఆర్ పెట్టాడు, నేనూ చూసుకోలేదు.

గన్నవరం వెళ్తూ కృష్ణ దాటేటప్పుడు ఇంద్రకీలాద్రి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. విమానం మారే చోట బస్సులో తీసుకెళ్ళి నిచ్చెన ముందు దింపారు.

"ఒరేయ్, దుర్గమ్మ కొండ మెట్లలా ఉన్నాయి. నా వల్ల కాదు," అంది.

కుర్చీతో సహా మనిషిని పైకెత్తే బండి, ఆంబులిఫ్ట్, వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అందరూ మాకోసమే ఆగారు. లోపలికి వెళ్ళాక ఆవిడ తలెత్తలేదు.

అంతకన్నా నన్ను కంగారు పెట్టింది ఇంకోటి. ముందురోజు మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్ళు తాగలేదట. బాత్రూముకు ఎవరు తీసుకెళ్తారని భయం. మన ఇళ్ళల్లో పెద్దాడవాళ్ళు ప్రయాణమంటే చేసే మొదటి పని ఇదే, మనకి చెప్పరు కూడా. సింగపూర్‌లో దిగేసరికి పాదాలు బూరెల్లా పొంగాయి. తిరుగు ప్రయాణంలో బాత్రూముకు దగ్గరగా నడవ పక్క సీటు తీసుకుని, గ్లాసులు లెక్కపెట్టి మరీ తాగించాను. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి, బీపీ మాత్రలకు నా ఫోన్లో గుంటూరు టైమే ఉంచుకున్నాను.

సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్లయన్ బొమ్మ, తోటలు అన్నీ చూపించాం. "బాగున్నాయి," అంది, అంతే. ఆవిడకు నచ్చింది సిటీ బస్సు.

సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్దామని స్టాపులో ఉన్నాం. బస్సు ఆగగానే డ్రైవర్ లేచి వచ్చి, తలుపు దగ్గర మడిచి ఉన్న పలకను ఫుట్‌పాత్ మీదికి వాల్చాడు. అక్క కొన్న మడత కుర్చీని దాని మీదుగా తోసుకెళ్ళి, కుర్చీలకని వదిలిన జాగాలో ఆపాం. ఆయన పలక మడిచి వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ విసుక్కోలేదు, జాలిగానూ చూడలేదు. అమ్మమ్మ మాత్రం ఆయన వీపుకే దణ్ణం పెట్టింది. దిగేచోట మళ్ళీ అదే తంతు. అక్కడ సిటీ బస్సులన్నిటికీ ఆ పలక ఉంటుందని అక్క చెప్పింది. ఇక ఆ రోజు నుంచి ఒకటే పోరు: "కారొద్దే, బస్సెక్కుదాం." పని లేకపోయినా రెండుసార్లు ఎక్కించాం.

మడత కుర్చీని మాతోనే తెచ్చుకున్నాం. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. మూడు మెట్ల ముందు కుర్చీ ఆపి, నేనూ మామయ్యా చెరో పక్కా పట్టుకోబోతే ఆగమంది.

"ఒరేయ్, ఆ బస్సు పలకలాంటిది ఆటోనగర్లో ఇనప రేకుతో చేయిస్తే ఎంతవుతుందో రేపు కనుక్కో."