తెర మెరిస్తే తాళపత్రం కనబడదు
మ్యూజియంలో టచ్‌స్క్రీన్ పెడితే జనం ఆగుతారు, నిజమే. కానీ తెరను చూసి అసలు వస్తువును వదిలేసి వెళ్తే ఆ ఖర్చంతా దండగ. తాళపత్రాలు, పాత వస్త్రాల మీద వెలుగు సాధారణంగా 50 లక్స్ (ఉపరితలంపై పడే వెలుగును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. తైలవర్ణ చిత్రాలకైతే 200 వరకూ ఫరవాలేదు. వెలిసిన రంగు మళ్లీ రాదు కదా! అంత మసక వెలుగు పక్కన తెర పూర్తి కాంతితో వెలిగితే కళ్లు దానికే అలవాటుపడతాయి, తాళపత్రం నల్లటి చెక్కలా కనిపిస్తుంది. అందుకే తెర కాంతిని బాగా తగ్గించి, నల్లని నేపథ్యంపై లేత అక్షరాలు వాడాలి. దాని ప్రతిబింబం అద్దాల పెట్టెపై పడని కోణంలో తిప్పాలి.

దీపాల సీఆర్‌ఐ, అంటే వాటి వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సూచిక, 90కి పైనే ఉండాలి. గోడ చిత్రాలకు దీపాన్ని నిలువు నుంచి 30 డిగ్రీల వాలులో బిగిస్తే మెరుపూ, చూసేవారి నీడా రెండూ తగ్గుతాయి.