నా రైఫిల్‌కు సరిపడే తూటా ఎలా దొరికిందంటే

రైఫిల్ లైసెన్సు కోసం పడే తిప్పల గురించి ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. దరఖాస్తు, పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, శిక్షణ పూర్తిచేసిన కాగితం, తుపాకీని ఇంట్లో ఎక్కడ పెడతారన్న ప్రశ్న. నాకూ ఇవన్నీ తప్పలేదు. విసుగు పుట్టించేవే గానీ ఓపిక ఉంటే గట్టెక్కే పనులే. తూటా ఎంచుకోవడం గురించి మాత్రం అంత వివరంగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

లైసెన్సు గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఫారంలో ‘ఏ అవసరం కోసం’ అని ఒక గడి ఉంటుంది. నేను గురి సాధన అని రాశాను. ఆ తర్వాత జరిగేదంతా ఆ గడిలో రాసిన దాన్ని బట్టే నడుస్తుంది. ఏ బోరు (రైఫిల్ గొట్టం లోపలి కొలత) ఇస్తారు, తూటాలు ఎన్ని కొననిస్తారు అన్నవి చట్టం చేతిలో ఉంటాయి. ఇవి దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో ఒకసారికి ఎన్ని తూటాలు కొనవచ్చో, మొత్తం ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో సర్టిఫికెట్ మీదే రాసి ఇస్తారు. భారతదేశంలో .303 (అంగుళాల్లో కొలత) లాంటి బోర్లు నిషిద్ధం కింద ఉంటాయి, మామూలు లైసెన్సు మీద దొరకవు. అక్కడ ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్న పరిమితిని 2019 సవరణతో రెండుకు తగ్గించారు. కాబట్టి మనసు పడ్డ రైఫిల్ ఫొటో చూసుకుని మురిసిపోయే ముందు మీరుండే చోటి చట్టం చదవండి. చట్టం కుదరదన్న బోరులో ఎంత గొప్ప తూటా ఉన్నా మనకు పనికిరాదు.

నా మనసు .308 విన్‌చెస్టర్ మీద ఉండేది. 1952 నుంచి వాడుకలో ఉన్న తూటా, దొరకడం తేలిక, పేరు బాగుంది. కోచ్ గారు రెండే ప్రశ్నలు అడిగారు. “దేన్ని కొడతారు? ఎంత దూరంలో?” కాగితపు టార్గెట్‌ని, యాభై మీటర్లలో అన్నాను. “మరి దీనితో పనేముందండీ?” అన్నారు.

లెక్క వేస్తే ఆయన మాట అర్థమైంది. పోల్చడానికి .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) అనే చిన్న తూటాని తీసుకున్నాను. దాని బుల్లెట్, అంటే తూటా కొనన ఉండి ఎగిరిపోయే గుండు, బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. సెకనుకు 330 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 140 జౌళ్లు. .308లో 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 850 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది, శక్తి మూడున్నర వేల జౌళ్లు దాటుతుంది. పాతిక రెట్లు! ఆ దెబ్బలో కొంత మన భుజానికీ తగులుతుంది. కొత్తవాళ్లు ఆ తన్నుకు భయపడి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకోవడం, భుజం బిగించడం అలవాటు చేసుకుంటారు. ఒకసారి పట్టుకుందంటే ఓ పట్టాన వదిలే అలవాటు కాదది. పైగా యాభై మీటర్ల పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. అక్కడ కావలసింది బలం కాదు, నిలకడ. అలా 1887లో పుట్టిన .22 ఎల్ఆర్ దగ్గర తేలాను. చిన్నపిల్లల తూటా అని దాన్ని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒలింపిక్స్‌లో యాభై మీటర్ల రైఫిల్ పోటీ దానితోనే జరుగుతుందని వాళ్లకు గుర్తుచేస్తే చాలు.

తర్వాత పేర్ల గొడవ. తూటాల పేర్లకు ఒక పద్ధతంటూ లేదు. 7.62×51 అంటే బోరు, కేసు (మందు నింపే లోహపు తొడుగు) పొడవు మిల్లీమీటర్లలో. .30-06లో 06 అంటే 1906వ సంవత్సరం. .22 ఎల్ఆర్, .22 మాగ్నమ్ పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. మాగ్నమ్ కేసు లావు వేరు, పొడవు వేరు. ఎల్ఆర్ తూటాని మాగ్నమ్ చాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) పెడితే వదులుగా కూర్చుంటుంది, పేల్చినప్పుడు కేసు చీలిపోవచ్చు. .223 రెమింగ్టన్, 5.56 నాటో చూడటానికి కవలలే. 5.56 చాంబర్ ఉన్న రైఫిల్ .223ని తీసుకుంటుంది. .223 చాంబర్‌లో 5.56 పేలిస్తే మాత్రం ఒత్తిడి హద్దు దాటే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది .300 బ్లాకౌట్ అనే తూటా. కోచ్ గారు దాన్నీ .223నీ పక్కపక్కన నిలబెట్టి చూపించారు. అడుగు భాగం అచ్చు ఒకటే, ఎందుకంటే దాని కేసు .223 కుటుంబం నుంచి వచ్చిందే. మ్యాగజీన్ కూడా రెండిటికీ ఒకటే. మూతి దగ్గర మాత్రం .223 బుల్లెట్ లావు 5.7 మిల్లీమీటర్లు, బ్లాకౌట్‌ది 7.8. ఈ లావు బుల్లెట్ ఉన్న తూటా .223 రైఫిల్‌లోకి కొన్నిసార్లు దూరిపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే సన్నటి గొట్టంలో పట్టక రైఫిల్ పేలిపోతుంది. మొహం ముందు, చేతుల్లో. ఇలా నిజంగానే జరిగింది కూడా. అప్పటినుంచి బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు, పెట్టె మీద పేరు, తూటా అడుగున ముద్ర ఈ మూడూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కలిస్తేనే చాంబర్‌లో పెడతాను. చూడటానికి అలాగే ఉంది అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

బోరు తేలిపోయింది కదా, పెట్టె తెచ్చుకుంటే సరి అనుకోవడానికి వీల్లేదు. .22 ఎల్ఆర్‌లోనే బోలెడు రకాలు. పెట్టె మీద ‘హై వెలాసిటీ’ అని పెద్దగా రాసి ఉన్నదే అందరి కళ్లకూ ముందు కనబడుతుంది. పోటీలకు వాడేవి మాత్రం ఖరీదు ఎక్కువ, వేగం తక్కువ. నాకు ఇది వింతగా తోచింది. కారణం ధ్వని వేగం. గాలిలో అది సెకనుకు సుమారు 340 మీటర్లు. హై వెలాసిటీ బుల్లెట్ 380 దగ్గర బయల్దేరి, గాలి నిరోధం వల్ల యాభై మీటర్ల ప్రాంతానికి వచ్చేసరికి ధ్వని వేగానికి పడిపోతుంది. ఆ గీత దాటేటప్పుడు గాలి పోట్లు బుల్లెట్‌ని కుదుపుతాయి, గురి చెదురుతుంది. మొదటినుంచీ 330 లోపే పోయే బుల్లెట్‌కి ఈ బాధ లేదు.

ఏ కంపెనీది అన్న ప్రశ్నకు జవాబు రైఫిలే చెప్పాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు పక్కపక్కన ఉన్నా ఒకదానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చకపోవచ్చు. బెంచీ మీద ఇసుక సంచికి రైఫిల్ ఆనించి, ఒక్కో రకంతో ఐదేసి గుండ్ల చొప్పున కొన్ని గ్రూపులు (ఒకే గురికి వరసగా కొట్టే గుండ్లు) కొట్టాను. .22 బుల్లెట్లకు మైనమో జిడ్డో పూత ఉంటుంది, నాలుగు తూటాలు నింపేసరికి వేళ్లకు అంటుకుంటుంది. రకం మార్చినప్పుడు గొట్టంలో పాత పూత పోయి కొత్తది పట్టేదాకా కొన్ని గుండ్లు లెక్కలోకి తీసుకోకూడదు. ఇది చెప్పకపోతే మంచి తూటాని కూడా చెడ్డదనుకుని పక్కన పడేస్తాం. నా రైఫిల్‌కు అన్నిటికన్నా ఖరీదైనది కుదరలేదు. మధ్య రకం ఒకటి మాత్రం ఐదు గుండ్లనూ ఒకే చిరుగులా వేసింది. పెట్టె మీదున్న లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబర్ రాసి పెట్టుకున్నాను, ఎందుకంటే లాట్ మారితే పనితీరూ కాస్త మారుతుంది. పోటీలకెళ్లేవాళ్లు నచ్చిన లాట్ మొత్తంగా కొనేసుకుంటారు. నాకు పరిమితి ఉంది కాబట్టి ఆ ముచ్చట తీరలేదు.

రేంజిలో నన్ను తడబడకుండా కాపాడింది ముందే నేర్పిన ఒక పద్ధతి. ట్రిగ్గర్ నొక్కాను, టిక్ మంది, పేలలేదు. చెయ్యి దానంతటదే బోల్టు (తూటాని లోపలికి నెట్టి, బయటికి తీసే భాగం) మీదికి పోబోతుంది. అలాంటప్పుడు రైఫిల్ మూతి టార్గెట్ వైపే ఉంచి, కనీసం అర నిమిషం కదలకుండా ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. ఆగాను, ఏమీ కాలేదు, తీసి చూస్తే తూటా అంచు మీద దాన్ని కొట్టే పిన్ను గుర్తు మాత్రం పడి ఉంది. ఇంకొకటుంది, అది ఇంతకన్నా ప్రమాదం. పేలిన శబ్దం మామూలు కన్నా బలహీనంగా ‘టప్’ మంటే రెండో గుండు పేల్చకూడదు. మొదటిది గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. తుపాకీ ఖాళీ చేసి, గొట్టం తెలిసినవాళ్లకు చూపించాకే మళ్లీ ముట్టుకోవాలి.

ఇంట్లో రైఫిల్ ఖాళీగా ఉక్కు బీరువాలో, తూటాలు వేరే తాళంలో ఉంటాయి. తాళంచెవులు నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండవు, అవి ఎక్కడుంటాయో ఇంట్లోవాళ్లకూ తెలియదు. అతి అంటారు కొందరు. అననీ. రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుంటాను, సీసం పొడి వేళ్ల మీదుంటుంది. స్నేహితుడు రెండు తూటాలు సరదాగా అడిగినా ఇవ్వను, లైసెన్సు లేనివాడికి ఇస్తే చాలా దేశాల్లో ఇద్దరికీ కేసే. రేంజికి తీసుకెళ్లే సంచిని ఇంకే ప్రయాణానికీ వాడను. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం స్కానర్‌లో కనబడి జైలు దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు.

.308 మీద ఆశ పోలేదు. అది కావాలంటే లైసెన్సులో కొత్తగా రాయించుకోవాలి, మూడు వందల మీటర్ల రేంజి ఉన్న క్లబ్బులో చేరాలి. వచ్చే ఏడాది దరఖాస్తు పెడతాను.