నేలమాళిగలో ఆరు బరోలో సీసాలు

మా అమ్మాయి 2010 అక్టోబరులో ఇటలీలోని టురిన్‌లో పుట్టింది. అంతకు నాలుగేళ్ళ క్రితం తెనాలి నుంచి అక్కడి పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో పీజీ చదవడానికి వచ్చి, చదువయ్యాక అదే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని స్థిరపడ్డ నాకు, అప్పటికి వైన్ గురించి ఎరుపూ తెలుపూ అన్న తేడా తప్ప మరేమీ తెలియదు. ఆఫీసులో మిఠాయిలు పంచుతుంటే, పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దాయన, పిల్ల పుట్టిన ఏటి పంటతో చేసిన బరోలో అనే రెడ్ వైన్ కొని దాచిపెట్టమనీ, పద్దెనిమిదేళ్ళు నిండిన రోజున బిరడా తీయమనీ, వాళ్ళ ఇంట్లో అది ఆనవాయితీ అనీ చెప్పారు. ఆ శనివారమే దుకాణానికి వెళ్ళి 2010 బరోలో కావాలని అడిగాను. దుకాణదారు నవ్వు ఆపుకొని, ఆ ద్రాక్ష ఇంకా తొట్టెల్లో పులుస్తోందనీ, 2014లో రమ్మనీ అన్నాడు.

అతను వేళాకోళమాడలేదు. పంట కోసిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కగట్టి కనీసం 38 నెలలు నిల్వ ఉంచితే గాని బరోలో అన్న పేరుతో సీసా అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. అందులో 18 నెలలైనా చెక్క పీపాలో గడవాలి. చీటీ మీద రిజర్వా అని వేసుకోవాలంటే 62 నెలలు ఆగాలి. నెబ్బియోలో అనే ఒకే ఒక్క రకం ద్రాక్షతో, ఆల్బా పట్టణానికి నైరుతిగా ఉన్న లాంగే గుట్టల్లో, 11 గ్రామాల పరిధిలో తయారైతేనే అది బరోలో అవుతుంది. 1980 నుంచి దానికి ఇటలీ వైన్ చట్టంలో అత్యున్నత శ్రేణి అయిన డీఓసీజీ హోదా ఉంది. సీసా మెడ మీద అంటించే అంకెల పట్టీ అందుకు గుర్తు.

ఆ మూడేళ్ళూ నేను ఊరికే కూర్చోలేదు. ఆదివారాల్లో లాంగే గుట్టల వైపు వెళ్ళి, తయారీదారులు పోసినంత రుచి చూసి, అర్థమైనంత నేర్చుకున్నాను. మొదట నన్ను తికమక పెట్టింది రంగు. నిల్వకు ఆగే ఘాటైన రెడ్ వైన్ అంటే నేరేడు రసంలా చిక్కగా ఉంటుందనుకున్నాను. నెబ్బియోలో పలచని దానిమ్మ రంగులో, గ్లాసు వెనక వేళ్ళు కనిపించేటంత తేటగా ఉంటుంది. దాని బలమంతా నోట్లో పడ్డాక తెలుస్తుంది. కరక్కాయ నమిలినట్టు చిగుళ్ళు బిగుసుకుపోయే వగరు, దాని వెంటే పదునైన పులుపు, కనీసం 13 శాతం ఆల్కహాలు. ఆ వగరుకు మూలమైన టానిన్ అణువులు ఏళ్ళు గడిచేకొద్దీ ఒకదానితో ఒకటి ముడిపడి, పెద్దవై, కొంత మడ్డిగా సీసా అడుగున దిగిపోతాయి. లేత వయసులో ఉన్న పండ్ల వాసన తగ్గి, ఎండు గులాబీ, తారు, తోలు వంటి వాసనలు పైకి వస్తాయి. పులుపు మాత్రం ఉన్నచోటనే ఉండి వైన్‌ను నిలబెడుతుంది. తెల్లవారితే పులిసిపోయే తాటికల్లు తప్ప మరో దేశవాళీ పానీయం ఎరగని ఊరి నుంచి వచ్చినవాడికి, పదిహేనేళ్ళు ఆగితే బాగుపడే పానీయం ఒకటుందన్న సంగతి జీర్ణం కావడానికే కొంతకాలం పట్టింది.

2014 ఏప్రిల్‌లో సెర్రలుంగా దాల్బా గ్రామంలో ఒక చిన్న కుటుంబం వారి దగ్గర ఆరు సీసాలు కొన్నాను. బరోలో గ్రామాల్లో మరొకటైన లా మొర్రా వైపు నేలల్లో పండినది కాస్త ముందుగా మెత్తబడుతుందనీ, సెర్రలుంగా వైపుది బిగువుగా ఉండి ఎక్కువ కాలం అడుగుతుందనీ అంతా చెప్పేవారు. నాకు కావలసింది ఆలస్యమే కనుక రెండోది ఎంచుకున్నాను. 2010 వేసవి పెద్ద ఎండలు లేకుండా నిదానంగా సాగడంతో ద్రాక్ష పులుపు పోకుండా పండిందనీ, అలాంటి ఏడు తరచుగా రాదనీ ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది. సీసా నలభై యూరోల లెక్కన 240 యూరోలైంది. పదేళ్ళు ముట్టుకోని వస్తువు మీద అంత డబ్బు పోసేవాణ్ణి మా ఆవిడ చూసిన చూపు నాకింకా గుర్తే.

ఇక్కడి పాత అపార్టుమెంట్లలో ప్రతి ఇంటికీ నేలమాళిగలో ఒక చిన్న గది ఉంటుంది, దాన్ని కంతీనా అంటారు. మాది ఇటుక కమాను కింద, చెక్క పలకల తలుపుతో, రెండు మీటర్ల పొడవున్న చీకటి కొట్టు. బిరడా ఎండిపోకుండా సీసాలను పడుకోబెట్టి, పక్కన గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ నమోదు చేసే థర్మామీటరు వేలాడదీశాను. కావలసింది 12 నుంచి 14 డిగ్రీలు, 70 శాతం తేమ, చీకటి, కదలిక లేకపోవడం. మండువేసవిలో అది 18 దాటకపోవడంతో ధైర్యం వచ్చింది. టురిన్‌లో గదులు వెచ్చబెట్టే కాలం అక్టోబరు 15న మొదలవుతుంది. ఆ నెలాఖరున కిందికి దిగి చూస్తే ముల్లు 23 మీద ఉంది. మా గది గోడ వెంట పోయే లావుపాటి గొట్టం భవనమంతటికీ వేడినీళ్ళు తీసుకువెళ్ళేదని అప్పుడు తెలిసింది. అందరూ ఎండాకాలం గురించి భయపడతారు, నా సీసాలకు మాత్రం గండం చలికాలంలో వచ్చింది.

నా కంగారును గమనించిన మూడో అంతస్తు ముసలావిడ ఒకరు, తన కంతీనా ఉత్తరం వైపు పెరటి గోడకు ఆనుకుని ఉందనీ, అందులో టమాటా గుజ్జు సీసాలూ, చనిపోయిన భర్త సైకిలూ తప్ప ఏమీ లేవనీ, కావాలంటే మార్చుకుందామనీ అన్నారు. టమాటాలకు వేడి తగిలితే నష్టం కాదా అంటే, తన టమాటాలు క్రిస్మస్ దాటి ఏనాడూ మిగల్లేదని నవ్వారు. సైకిలు మేమిద్దరం కలిసి మోసుకొచ్చాం. ఆ కొత్త గదిలో చలికాలం 10, వేసవి 17. ఆ మార్పు కూడా నెలల తరబడి మెల్లగా జరుగుతుంది తప్ప రోజులో ఎగుడుదిగుళ్ళు ఉండవు. తేమ మాత్రం మరీ ఎక్కువై, రెండో ఏటికే చీటీల అంచులకు బూజు పట్టింది. ఆవిడ సలహా మీద ఒక్కొక్క సీసాకూ వంటింట్లో వాడే పలచని ప్లాస్టిక్ పొర చుట్టి, పైన పాత వార్తాపత్రిక కట్టాను. నిల్వలో నేను నా చేతులతో చేసిన పని అంతే, మిగిలినదంతా ముట్టుకోకుండా ఉండడమే.

ఆ ఉండడమే నాకు చేతకాలేదు. 2014 డిసెంబరులో ఊరికి వస్తూ ఒక సీసా బాబాయి కోసం తెచ్చాను. విదేశం నుంచి వచ్చేవారికి రెండు లీటర్ల వరకు అనుమతి ఉంది గనుక విమానాశ్రయంలో ఇబ్బంది కలగలేదు. మంచి సందర్భం వచ్చినప్పుడు తీద్దామని ఆయన దాన్ని బీరువాలో, పట్టుచీరల కింద భద్రంగా పడుకోబెట్టారు. రెండు తెనాలి ఎండాకాలాలు గడిచాక, 2016 డిసెంబరులో బయటకు తీస్తే బిరడా సగం వేలు మందాన పైకి తన్నుకొచ్చి ఉంది, మెడ చుట్టూ జిగురు కారి ఎండిపోయింది. గ్లాసులో పోస్తే ఇటుక రంగు కూడా కాదు, గోధుమ రంగు. వాసన ఉడికిన ఎండు ద్రాక్షది. బాబాయి ఒక గుక్క తాగి, "ఏరా, ఇది మన ఆయుర్వేదం కొట్టు ద్రాక్షాసవం లాగా ఉందే, దీనికోసం ఇటలీ దాకా వెళ్ళాలా?" అన్నారు. నాకు సమాధానం దొరకలేదు. వేడి పెరిగేకొద్దీ సీసాలో చర్యలన్నీ వేగం పుంజుకుంటాయి, కాకపోతే అన్నీ ఒకే పాళ్ళలో పుంజుకోవు. కాబట్టి రెండు వేసవులు పదేళ్ళ వయసును ఇవ్వలేదు, వైన్‌ను వండేశాయి.

అదే ఏడాది జనవరిలో టురిన్‌లో మరో తప్పు చేశాను. స్నేహితులు భోజనానికి వచ్చారన్న ఉత్సాహంలో ఒక సీసా తీసి, గోంగూర మాంసంతో వడ్డించాను. వగరు చిగుళ్ళను పట్టేసింది, గోంగూర పులుపు మీద వైన్ పులుపు తోడైంది, ఆల్కహాలు తగిలిన కారం నాలుక మీద మంటలా లేచింది. వచ్చిన నలుగురూ మర్యాదగా మంచినీళ్ళు అడిగారు. తప్పు వైన్‌దీ కాదు, మా ఆవిడ వంటదీ కాదు, తొందరపడిన నాది.

2019లో తీసిన మూడోది మాత్రం ఎవరి తప్పూ కాదు. రంగు బాగుంది, కానీ గ్లాసు ముక్కు దగ్గరకు రాగానే వానలో తడిసిన అట్టపెట్టె వాసన. బిరడాలోనే పుట్టే టీసీఏ అనే రసాయనం చేసే పని అది. లక్ష కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. హానికరం కాదు, అయితే పండు వాసనను పూర్తిగా మింగేస్తుంది. ఎంత మంచి నేలమాళిగ ఉన్నా దీనికి విరుగుడు లేదు. సింకులో పోశాను. ఆరు సీసాలు కొనడంలో ఉన్న తెలివి, కొన్నప్పుడు కాదు గానీ, అప్పుడు తెలిసింది.

నాలుగో సీసాకు 2024 నవంబరు దాకా ఆగాను. తీయాలనుకున్న శనివారానికి రెండు రోజుల ముందే కిందికి దిగి, వార్తాపత్రిక విప్పి, మడ్డి అడుక్కు చేరేటట్టు సీసాను నిలువుగా పెట్టాను. పద్నాలుగేళ్ళ పంట అయినా వైన్ మట్టం మెడలో పైనే ఉంది, బిరడా చుట్టూ తడి లేదు. పాత బిరడాలు మామూలు మరతీగతో లాగితే పొడిపొడిగా విరిగిపోతాయని, రెండు పలచని ఉక్కు రేకులున్న పనిముట్టును బిరడాకూ గాజుకూ మధ్య దించి, మెల్లగా తిప్పుతూ పైకి తీశాను. బిరడా మొత్తంగా వచ్చింది. అడుగు భాగం మాత్రమే ఎర్రగా నాని ఉంది. మెడ కింద కొవ్వొత్తి వెలిగించి, ఆగకుండా సన్నని ధారతో గాజు కూజాలోకి వంపాను. చివర రెండు వేళ్ళ మందం మిగిలినప్పుడు మెడ దగ్గరకు నల్లని పొగలా మడ్డి కదలడం ఆ వెలుగులో కనిపించింది, అక్కడితో ఆపాను.

మొదటి పావుగంట అది ఏమీ చెప్పలేదు. గంట గడిచాక మధ్యలో దానిమ్మ రంగు, అంచున కాల్చిన ఇటుక రంగు తేలి, ముందుగా కొత్తగా వేసిన రోడ్డు మీది తారు, దాని వెనక దేవుడి గదిలో మర్నాటికి వాడిన గులాబీ వాసన వచ్చాయి. వగరు పోలేదు, అయితే 2016లో నోటిని పట్టిన వగరు, ఈసారి నాలుక పక్కలను మాత్రం నిమిరి జారిపోయింది. మా ఆవిడ ఈసారి మాంసాన్ని కారం దాదాపు లేకుండా, మిరియాలూ ఉల్లిపాయలూ వేసి మూడు గంటలు చిన్న మంట మీద ఉడికించింది. మూడో అంతస్తు ఆవిడనూ పిలిచాం. ఆవిడ రెండు గుక్కలు తాగి, మిగిలిన రెండూ ఇంకో నాలుగైదేళ్ళు పడుకోనివ్వమన్నారు. నాకు మాత్రం అంతకన్నా బాగుపడడానికి ఏం మిగిలిందో అర్థం కాలేదు, అప్పుడే తాగాలనిపించేటంత బాగుంది.

మా అమ్మాయి గ్లాసు వాసన మాత్రం చూసి, రోడ్డు వేసేవాళ్ళ వాసన అని ముక్కు చిట్లించింది. మిగిలిన రెండు సీసాలు కొత్త వార్తాపత్రికల్లో కట్టి, ఉత్తరపు గోడ పక్కన పడుకుని ఉన్నాయి. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో 2028 అక్టోబరు అని తనే రాసింది. రెండోదాని మీద ఏమీ రాయనివ్వలేదు.