నీటి గండం

శనివారం, రాత్రి పదిన్నర.

పిల్ల అలిగి, అన్నం సగంలో వదిలేసి పడుకుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ టేబుల్ మీద సంతకం లేకుండా అలాగే ఉంది.

వచ్చే శనివారం అండర్‌-17 కబడ్డీ జిల్లా ఎంపికలు. స్టడీ సర్టిఫికెట్, పుట్టిన తేదీ పత్రం, ఆధార్ నకలుతో పాటు డాక్టరు సంతకం పెట్టిన ఆ కాగితం కూడా తెమ్మని పీఈటీ మాస్టారు చెప్పారు. నిరుడు ఆ సంతకం రెండు నిమిషాల్లో అయిపోయింది. వీధి చివర క్లినిక్‌లో బరువెంతో మమ్మల్నే అడిగి రాసుకున్నారు. స్టెతస్కోపు మెడలోంచి తీయనే లేదు. వంద రూపాయలిచ్చి వచ్చేశాం. అది తప్పని అప్పుడు నాకు తోచలేదు. ఈసారి మాత్రం నెల రోజులుగా ప్రాక్టీసు నుంచి రాగానే నీరసమని కూలబడుతోంది కదా అని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. బయట అంత పెద్ద వరుస ఉన్నా తొందరపడలేదు. ఎత్తు, బరువు, రక్తపోటు చూశారు. కింది రెప్ప లాగి చూసి రక్తం తక్కువగా ఉందన్నారు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.6 ఉంది, 12 ఉండాలట. ఐరన్ మాత్రలు రాసి, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దని చెప్పారు. నీరసానికి కారణం తెలిసిందని నా మనసు తేలికపడింది.

తర్వాత గుండె విన్నారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి. గొంతుకూర్చోమని, లేచి నిలబడమని, లేవగానే మళ్లీ విన్నారు. గుండె కండరం మామూలు కంటే మందంగా ఉన్న పిల్లల్లో అలా లేచినప్పుడే శబ్దం స్పష్టంగా వినిపిస్తుందట. అది లేదన్నారు. ఇక ప్రశ్నలు. ఆడుతూ ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయావా? కూతకు వెళ్లినప్పుడు గుండెలో నొప్పి వచ్చిందా? అన్నిటికీ పిల్ల లేదు, లేదు అంటూనే ఉంది.

అప్పుడు నా వైపు తిరిగారు. "అమ్మా, మీ రెండు కుటుంబాల్లో ఎవరైనా యాభై ఏళ్లలోపు హఠాత్తుగా చనిపోయారా?"

లేదన్నాను.

"ప్రమాదాలు కూడా ఆలోచించండి. ఈత వచ్చి కూడా మునిగిపోయినవాళ్లు ఎవరైనా?"

నా నోట మాట రాలేదు. 1998 ఆగస్టు. కాలువ నిండుగా పారుతోంది. తమ్ముడికి పదిహేడేళ్లు. ఆ కాలువను రోజూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదేవాడు. జాతకంలో నీటి గండం ఉందని నాయనమ్మ అంటూ ఉండేది. ఇరవై ఏడేళ్లుగా మా ఇంట్లో ఆ మాటే కారణంగా నిలిచిపోయింది. నేను కూడా నమ్మాను.

చెప్పాను. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి పూర్తిగా విన్నారు. కొందరిలో గుండెను నడిపించే విద్యుత్తు లయలో పుట్టుకతోనే లోపం ఉంటుందట. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ఈత కొడుతున్నప్పుడో పరుగెత్తుతున్నప్పుడో ఒక్కసారిగా లయ తప్పుతుంది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. "మీ తమ్ముడిది అదేనని నేను అనను. కానీ చూడకుండా సంతకం పెట్టలేను" అన్నారు. పిల్లతో పాటు నన్ను కూడా ఈసీజీ తీయించుకోమన్నారు.

ముందు పిల్ల, తర్వాత నేను అదే బల్ల మీద. చల్లటి జెల్లు, ఛాతీ మీద ఆరు రబ్బరు బుడ్డీలు, చేతులకూ కాళ్లకూ క్లిప్పులు. గులాబీ గళ్ల కాగితం మీద మా ఇద్దరి గుండెలూ గీతలుగా బయటికి వచ్చాయి. ఒక్కో చిన్న గడి సెకనులో ఇరవై ఐదో వంతు. డాక్టరమ్మ కలం మొనతో ఆ గళ్లు ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే నేను ఊపిరి బిగబట్టుకుని నిలుచున్నాను. ఇద్దరివీ బాగానే ఉన్నాయన్నారు. అయితే ఈ లోపం ఒక్కసారి తీసిన ఈసీజీలో దొరక్కపోవచ్చట. గుంటూరులో గుండె డాక్టరుకు చూపించి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించమని చీటీ రాశారు. ఉందని తేలినా మాత్రలున్నాయి, భయపడొద్దు అన్నారు. అప్పటిదాకా ఆట వద్దన్నారు.

పిల్ల అక్కడేమీ అనలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి, "ఎప్పుడో చనిపోయిన మామయ్య కోసం నన్ను ఆపేస్తారా?" అంది. నేను దాని చేయి పట్టుకున్నాను, విడిపించుకుంది. దాని కోపం న్యాయమే. ఏడాదంతా ఎండలో మట్టిలో పడి మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడింది. అయినా ఆ డాక్టరమ్మ మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడే ప్రతి ఒక్కరికీ ఈసీజీతో సహా వైద్య పరీక్ష తప్పనిసరట. ఇందాక చదివాను. మన దగ్గర ఆ ప్రశ్నలు అడిగే ఓపిక ఉన్న మనిషి దొరకడం మా అదృష్టం.

తొమ్మిదింటికి అమ్మకు ఫోను చేశాను. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగాను. ఆ రోజు అసలేం జరిగింది?

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "గట్టు మీది పిల్లలు చెప్పారమ్మా. సగం దూరం బాగానే ఈదాడట. తర్వాత చేతులు ఆడటం ఆగిపోయాయట. ఒక్క కేక కూడా వేయలేదట." మళ్లీ తనే అంది, "ఆరో తరగతిలో బళ్లో పరుగుపందెంలో కూడా ఒకసారి పడిపోయాడు. మూర్ఛ అనుకుని తాయెత్తు కట్టించాం. నీకు గుర్తులేదూ?"

నాకు గుర్తులేదు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా డాక్టరు చీటీ వెనక రాసుకున్నాను. సోమవారం గుంటూరులో చెప్పాలి.

"అమ్మా, నువ్వు కూడా మాతో రావాలి. నీకూ ఆ పరీక్ష చేయించాలి" అన్నాను.

ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "ఏ బస్సుకు రమ్మంటావు?" అంది.