కళ్లజోడుతో ఫిల్మ్ కెమెరా

కళ్లజోడు ఉన్నవాళ్లు పాత ఫిల్మ్ కెమెరా కొనేటప్పుడు లెన్స్ సంగతి తర్వాత, ముందు వెనకవైపు కన్ను పెట్టి చూడండి అంటాను. జోడు తీయకుండా చూడాలి.

నా కుడికంటికి మైనస్ మూడున్నర, పైగా సిలిండర్, అంటే ఒక దిశలో మాత్రమే చూపు మసకబారే లోపానికి వేసే పవర్. వాడేది నికాన్ ఎఫ్ఎం2. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, షట్టర్ స్పీడు ఎడమ అంచున, వెలుతురు సరిపోయిందో లేదో చెప్పే ఎర్ర లైట్లు కుడి అంచున ఉంటాయి. జోడుతో చూస్తే రెండూ ఒకేసారి కనపడవు. స్పీడు కోసం కన్ను కుడికి, లైట్ల కోసం ఎడమకి జరపాల్సిందే.

గండికోటలో 28 ఎం.ఎం. వెడల్పు లెన్స్ వేసి పెన్నా లోయ తీసేటప్పుడు ఇది బాగా తెలిసొస్తుంది. రెండువైపులా ఎర్ర రాతిగోడలు ఫ్రేములో పట్టాలి, కానీ మూలలే కనపడవు. ఫిల్ము మీద పడే బొమ్మలో అసలే ఈ కెమెరా చూపించేది 93 శాతం. జోడు వల్ల కన్ను వెనక్కి జరిగి అందులోనూ కోత పడుతుంది.

"జోడు తీసేసి డయాప్టర్ అద్దం బిగించుకోన్నా" అంటాడు మా తమ్ముడు. వ్యూఫైండర్‌కు తగిలించే పవర్ అద్దం అది. ఒట్టి మైనస్, ప్లస్ ఉన్నవాళ్లకు పనికొస్తుంది. సిలిండర్‌కు చాలదు. సిలిండర్ అద్దమే కోయించి బిగించినా, కెమెరాను నిలువుగా తిప్పగానే దాని యాక్సిస్, అంటే ఆ పవర్ ఏ దిశలో ఉండాలో ఆ గీత, కూడా 90 డిగ్రీలు తిరిగిపోతుంది. గండికోటలోని మాధవరాయస్వామి గుడి గోపురాన్ని నిలువుగా కాక ఎట్ల తీస్తాం? పైగా లోయ అంచున రాళ్ల మీద జోడు లేకుండా అడుగు వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మన బాధ తెలిసి చేసిన కెమెరా నికాన్ ఎఫ్3 హెచ్‌పీ (హై ఐపాయింట్, అంటే కన్ను దూరంగా ఉన్నా చూడగలిగేది). ఎఫ్3 1980లో వచ్చింది, ఈ హెచ్‌పీ ఫైండర్ 1982లో. కన్ను 25 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా ఫ్రేము మొత్తం కనపడుతుంది. అందుకోసం బొమ్మ సైజు మామూలు ఫైండర్‌లోని 0.8 రెట్ల నుంచి 0.75కి తగ్గింది. ఆ తగ్గింపు నాకు సంతోషంగా సమ్మతం. కడపలో ఒక స్నేహితుడి దగ్గర అందులోంచి చూసినప్పుడు నాలుగు మూలలూ తల కదపకుండా కనపడ్డాయి. ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

అది కొనేదాకా ఎఫ్ఎం2తోనే. కన్ను పెట్టే ఐపీస్ చుట్టూ ఉన్న లోహపు అంచు జోడు అద్దాన్ని గీరకుండా సన్నటి రబ్బరు రింగు అంటించాను. మందపాటి కప్పు వద్దు, అది కన్నును ఇంకా వెనక్కి నెడుతుంది. ఈసారి జోడు కూడా చిన్న ఫ్రేములో, కంటికి దగ్గరగా కూర్చునేది తీసుకుని, ముక్కు మీది ప్యాడ్లు కొంచెం వంచమని షాపాయన్ని అడిగాను. ఆయన వంచిచ్చాక స్పీడు చూస్తూ ఉండగానే ఎర్ర లైట్లలో ఒకటి అంచున కనపడుతోంది.